పిచ్చుకను కొట్టిన చేతులే పక్షుల చెరువుల్ని కాపాడాయి.. సలీం అలీ జీవిత కథ

చల్లపల్లి: చలికాలం వచ్చిందంటే చాలు.. ఆదివారం పొద్దున్నే చల్లపల్లి సెంటర్ నుంచి బైకులు, కార్లు రెండు వైపులకు బయల్దేరతాయి. కొందరు అవనిగడ్డ, కోడూరు మీదుగా కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి వైపు. ఇంకొందరు కూచిపూడి, పామర్రు, గుడివాడ దాటుకుని కైకలూరు పక్కన ఆటపాక వైపు. ఆటపాకలో కొల్లేటి గూడబాతుల్ని చూడ్డానికి బోటు ఎక్కుతారు. ఫోన్‌లో నాలుగు వీడియోలు తీస్తారు. గంటన్నరలో పని అయిపోతుంది. టిఫిన్ చేసి ఇంటికి.

అదే పనిని ఒకాయన దాదాపు 80 ఏళ్లు చేశారు. చెరువు గట్టు మీద నడవడం, ఆగడం, చూడటం, రాసుకోవడం. జీతం ఉన్నా లేకపోయినా అదే. ఆ నడకలే దేశంలోని ఎన్నో చెరువులకు, అడవులకు రక్షణగా నిలిచాయి. ఆయనే సలీం అలీ. బర్డ్‌మ్యాన్ ఆఫ్ ఇండియాగా అందరికీ తెలిసిన పేరు. ఆయన నడిచిన దారుల్లో కొన్ని తెలుగు నేల మీదవే అన్న సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు.

ఎయిర్‌గన్‌తో మొదలైంది

1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టాడు సలీం. తోబుట్టువుల్లో అందరికంటే చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి పోయారు. మూడేళ్లకు తల్లి కూడా పోయింది. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, పిల్లలు లేని మేనత్త హమీదా బేగం పెంచి పెద్ద చేశారు.

మేనమామకి వేటంటే మోజు. పిల్లాడి చేతికీ ఒక ఎయిర్‌గన్ వచ్చింది. పిచ్చుకల్ని కొట్టడం రోజూ ఆట. ఒకరోజు కొట్టిన పిచ్చుక మిగతావాటిలా లేదు. గొంతు దగ్గర పసుపు మచ్చ. ఇదేం పిట్ట? తినొచ్చా, తినకూడదా? మేనమామకీ తెలియలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లి అడగమని పంపించారు. అక్కడ కార్యదర్శి డబ్ల్యూ.ఎస్. మిల్లార్డ్ అనే ఇంగ్లీషు దొర.

దొర ముందు నిలబడటానికి భయపడుతూ వెళ్లాడు పిల్లాడు. మిల్లార్డ్ కసురుకోలేదు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, సొసైటీలో దాచిన పక్షుల నమూనాలన్నీ సొరుగులు తెరిచి చూపించారు. చదువుకోమని పుస్తకాలు ఇచ్చారు. పక్షి చర్మం ఎలా తీయాలో, ఎలా దాచాలో నేర్పించే ఏర్పాటు చేశారు. ఒక పెద్దమనిషి ఒక పిల్లాడి ప్రశ్నకు అరగంట కేటాయిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

డిగ్రీ లేదు.. ఉద్యోగం లేదు

ఇంత పేరున్న శాస్త్రవేత్త కదా, చదువులో ఫస్ట్ అనుకుంటారు. కాదు. 1913లో మెట్రిక్ అతికష్టం మీద గట్టెక్కారు. లెక్కలంటే భయం. కాలేజీ మధ్యలో వదిలేసి బర్మాలోని తవాయ్‌కి వెళ్లారు. అక్కడ అన్నగారి గనుల వ్యాపారం చూసుకోవాలి. చూసుకున్నది మాత్రం చుట్టూ ఉన్న అడవిని, అందులోని పిట్టల్ని. కొన్నేళ్లకు తిరిగొచ్చి, సెయింట్ జేవియర్స్ కాలేజీలో జంతుశాస్త్రం కోర్సు చదివారు. 1918లో తెహ్మీనాతో పెళ్లయింది. మళ్లీ బర్మా. వ్యాపారం దెబ్బతింది. ఖాళీ చేతులతో బొంబాయికి వచ్చేశారు.

జువలాజికల్ సర్వేలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే పెద్ద డిగ్రీ లేదని రాలేదు. 1926లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ పని దొరికింది. రెండేళ్లు చేసి, సెలవు పెట్టి జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెస్‌మాన్ దగ్గర శిష్యరికం. ఆ రోజుల్లో పక్షిశాస్త్రంలో అంత పెద్ద గురువు మరొకరు లేరు. చచ్చిన పక్షిని కొలిచి పేరు పెట్టడమే కాదు, బతికున్న పక్షి ఏం చేస్తుందో చూడటం కూడా శాస్త్రమేనని అక్కడ తెలిసొచ్చింది.

1930లో తిరిగొచ్చేసరికి మ్యూజియంలో ఆయన పోస్టే లేదు. డబ్బుల్లేవని తీసేశారు.

గిజిగాడి గుట్టు

బొంబాయిలో అద్దె కట్టి బతకడం కష్టం. అలీబాగ్ దగ్గర కిహిమ్ అనే సముద్రతీర పల్లెకు మకాం మార్చారు. తెహ్మీనా వాళ్ల కుటుంబానిది అక్కడ ఒక ఇల్లు ఉంది. ఉద్యోగం లేని మనిషి, చుట్టూ చెట్లు, పొలాలు. ఇంటి పక్కన చెట్టుకి గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి.

డెల్టాలో పుట్టిన వాళ్లకి గిజిగాడి గూడు కొత్తేం కాదు. కాలవ గట్టు మీద తాటిచెట్టుకో, ఈతచెట్టుకో వేలాడే గడ్డి గూళ్లు. అందరం చూసినవే. చూసి వదిలేసినవే. సలీం అలీ వదల్లేదు. చెట్టు పక్కన నిచ్చెన వేసి, చిన్న మాటు కట్టుకుని, 1930 వానాకాలం అంతా ఆ గూళ్లను కాపలా కాశారు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మగ గిజిగాడు గూడు సగం వరకే కడతాడు. ఆడపక్షి వచ్చి లోపలికి దూరి పరీక్ష చేస్తుంది. నచ్చకపోతే వెళ్లిపోతుంది. నచ్చితే ఆ గూడు సొంతం చేసుకుంటుంది. అప్పుడే మగాడు మిగతా సగం పూర్తి చేస్తాడు. ఆమె గుడ్లు పెట్టగానే ఈయనగారు పక్కనే ఇంకో గూడు మొదలుపెడతాడు, ఇంకో ఆడపక్షి కోసం. ఒకే సీజన్‌లో ఇలా రెండు, మూడు కాపురాలు. అప్పటిదాకా ఈ లెక్క ఎవరూ ఇంత వివరంగా రాయలేదు. ఆ వ్యాసంతోనే పక్షిశాస్త్రంలో ఆయనకు పేరొచ్చింది. దానికి కావలసిన సామగ్రి.. ఒక నిచ్చెన, ఒక నోట్‌బుక్, కదలకుండా కూర్చునే ఓపిక. అంతే.

నల్లమలలో డేరా

పేరొచ్చింది గానీ పూట గడవాలి కదా. సలీం అలీ ఒక ఉపాయం చేశారు. సంస్థానాలకు ఒక ప్రతిపాదన పెట్టారు. మీ రాజ్యంలో ఏయే పక్షులున్నాయో సర్వే చేస్తా, నాకు జీతం వద్దు, ఖర్చులు పెట్టుకుంటే చాలు అన్నది దాని సారాంశం. అలా మొదటగా చేపట్టిన పెద్ద సర్వేల్లో నిజాం సంస్థానానిది ఒకటి. 1931-32లో హైదరాబాద్ రాజ్యమంతా తిరిగారు. తెహ్మీనా కూడా వెంటే ఉన్నారు. ఇంగ్లండ్‌లో చదువుకున్న మనిషి, అడవిలో డేరా కింద కాపురం చేశారు.

నల్లమలలో మన్ననూరు, ఫరహాబాద్ దాకా వెళ్లారు. ఇవాళ అది అమ్రాబాద్ పులుల అడవి. ఆ కొండల పక్కనుంచే కృష్ణ శ్రీశైలం లోయలోకి దిగుతుంది. అక్కణ్నుంచి నాగార్జునసాగర్, ఆ తర్వాత విజయవాడ ప్రకాశం బ్యారేజీ, ఆపైన మన కాలవలు. అంటే చల్లపల్లి పొలాలకు వచ్చే నీటి దారికి ఎగువన ఆయన నడిచారన్నమాట. అప్పటికింకా శ్రీశైలం డ్యామూ లేదు, సాగరూ లేదు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఆ సర్వేల్లో పక్షుల్ని తుపాకీతో కొట్టి నమూనాలు సేకరించేవారు. ఆయన జీవితంలో అలా కొట్టినవి వేలల్లోనే ఉంటాయి. ఇప్పటి వాళ్లకి వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది. కెమెరాలు అంతంతమాత్రంగా ఉన్న రోజులు, చేతిలో పక్షి లేకుండా అది ఫలానా జాతి అని రుజువు చేయలేని రోజులు అవి. సరదాకి కొట్టడం వేరు, శాస్త్రం కోసం అవసరమైనంత వరకే సేకరించడం వేరని ఆయన చివరిదాకా వాదించారు. అందరూ ఒప్పుకోలేదు.

హైదరాబాద్ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, భోపాల్, ఇండోర్, గ్వాలియర్. 1939లో తెహ్మీనా పోయారు. చిన్న ఆపరేషన్. ఆ తర్వాత రక్తం విషపూరితమైంది. పిల్లలు లేరు. చెల్లాచెదురైన మనిషిని అక్క కామూ, బావ హసన్ అలీ తమ ఇంటికి తెచ్చుకున్నారు. మిగతా జీవితమంతా అక్కడే. ఇంకో పెళ్లి ఊసే లేదు.

రెండేళ్లకు, 1941లో, ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. రంగు బొమ్మలతో, మామూలు మనిషి చేతిలో పట్టుకుని చెరువు గట్టుకు తీసుకెళ్లగలిగే పుస్తకం. దేశంలో వేలమంది పక్షుల్ని చూడటం నేర్చుకున్నది ఆ పుస్తకం పట్టుకునే.

భరత్‌పూర్: ఒక చెరువు కోసం పోరాటం

రాజస్థాన్‌లోని భరత్‌పూర్. మహారాజు కాలవల నీళ్లు మళ్లించి చేయించిన పల్లపు చెరువులు. చలికాలంలో సైబీరియా, మధ్య ఆసియా నుంచి బాతులు వచ్చి దిగేవి. అవి దిగితే దొరలు తుపాకులతో దిగేవారు. 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వేటలో ఒక్క రోజే 4,273 పక్షులు చచ్చాయి. ఆ లెక్క ఇప్పటికీ అక్కడ రాతి మీద చెక్కి ఉంది. తేదీ చూశారా? ఆ రోజు సలీం అలీ 42వ పుట్టినరోజు. కాకతాళీయమే, కానీ మర్చిపోలేని కాకతాళీయం.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో గండం. చెరువు నీళ్లు తీసేసి భూమి సాగుకివ్వాలని చుట్టుపక్కల రైతుల డిమాండ్. అందులో న్యాయం లేదనలేం. తిండిగింజల కరువు రోజులు అవి. రాజుల వేట కోసం నింపిన నీళ్లు తమకెందుకు రాకూడదని వాళ్ల ప్రశ్న. సలీం అలీ నేరుగా ప్రధాని నెహ్రూ దాకా వెళ్లారు. ఆయన దగ్గర ఉన్నది ఉపన్యాసం కాదు, లెక్కలు. ఏ పక్షి ఎన్ని, ఏ నెలలో వస్తుంది, ఎక్కణ్నుంచి వస్తుంది అన్నవి. చెరువు నిలిచింది. తర్వాత అది కేవలాదేవ్ జాతీయ పార్కు అయింది. 1985లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఎక్కణ్నుంచి వస్తాయో ఎలా తెలిసింది అంటారా? వలలతో పట్టి, కాలికి అల్యూమినియం రింగు వేసి వదిలేసేవారు. రింగు మీద నంబరు, సొసైటీ చిరునామా. కొన్ని నెలలకు సోవియట్ యూనియన్‌లో ఏ వేటగాడికో ఆ బాతు దొరికితే, రింగు నంబరు బొంబాయికి ఉత్తరంలో వచ్చేది. 1959 తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ఈ పని భారీగా సాగింది. పక్షులతో పాటు రోగాలు కూడా దేశాలు దాటి వస్తున్నాయా అన్నది వాళ్ల అనుమానం. కారణం ఏదైనా, చెరువుల్లో దిగే అతిథుల అసలు ఊళ్లు అలా తెలిశాయి.

మేత ఆపితే ఏమైంది?

సలీం అలీ కథలో అందరూ దాటేసే అధ్యాయం ఒకటుంది. గేదెలు, ఆవులు మేస్తే పక్షులకు చేటని ఆయన గట్టి నమ్మకం. మేత ఆపాలన్నది ఆయన సలహా. 1982లో భరత్‌పూర్ పార్కులోకి పశువులు రాకుండా నిషేధం పెట్టారు. తరతరాలుగా అక్కడ పశువులు మేపుకునే ఊళ్లవాళ్లు తిరగబడ్డారు. పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి.

మరి పక్షులకైనా మేలు జరిగిందా? లేదు. గేదెలు రాకపోయేసరికి నీటిలో గడ్డి విపరీతంగా పెరిగి చెరువును కప్పేసింది. నీటిపక్షులకు తిండి, చోటు తగ్గాయి. ఈ సంగతి బయటపెట్టింది ఆయన వ్యతిరేకులు కాదు. ఆయన జీవితమంతా పనిచేసిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులే. పదేళ్లు అదే చెరువు దగ్గర కూర్చుని లెక్కలు తీశారు. నమ్మకం పెద్దాయనదే అయినా లెక్క తప్పంటే తప్పే. ఆయన నేర్పిన పద్ధతే ఆయన మాటను దిద్దింది. తుది నివేదిక వచ్చేసరికి ఆయన లేరు. సైబీరియా కొంగలు మాత్రం తగ్గుతూ తగ్గుతూ, 2002 చలికాలం తర్వాత భరత్‌పూర్‌కు రావడమే మానేశాయి. దానికి మేత ఒక్కటే కారణం కాదు. వచ్చే దారిలో వేట, యుద్ధాలు కూడా ఉన్నాయి.

ఈ గొడవ కొల్లేరు జనానికి బాగా అర్థమవుతుంది. పక్షులా, బతుకా అన్న ప్రశ్న ఇక్కడా వచ్చింది. 1999లో కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అప్పటికే సరస్సు నిండా చేపల చెరువులు. 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గట్లు పేల్చేశారు. గట్లు పోయినప్పుడు వలసపోయిన కుటుంబాలూ ఉన్నాయి, తిరిగి లేచిన గట్లూ ఉన్నాయి.

కొల్లేటి గూడబాతులు, కలివి కోడి

కొల్లేరు పక్షుల గురించి దేశానికి చెప్పింది ఒక లెక్చరర్. కేరళ నుంచి వచ్చి భీమవరం కాలేజీలో పాఠాలు చెప్పిన కె.కె. నీలకంఠన్. 1946లో ఆయన పశ్చిమగోదావరిలోని ఆరేడు ఊళ్లో గూడబాతుల కాలనీ చూశారు. ఊరి చెట్ల మీద వందల గూళ్లు. మేత కోసం కొల్లేరు వైపు ఎగిరి, పిల్లలకు చేపలు మోసుకొచ్చే పక్షులు. దక్షిణాదిలో గూడబాతులు ఎక్కడ పిల్లల్ని పెడుతున్నాయో శాస్త్రవేత్తలు వెతుక్కుంటున్న కాలం అది. ఊరివాళ్లకి మాత్రం ఎప్పట్నుంచో తెలుసు! 1949లో ఆ వ్యాసం సలీం అలీ సొసైటీ జర్నల్‌లోనే అచ్చయింది. సెలవు రోజు నడకకు వెళ్లిన ఒక లెక్చరర్ రాసుకున్న నోట్సు అది. తర్వాతి దశాబ్దాల్లో ఆరేడు గూళ్లు ఖాళీ అయిపోయాయి. ఇప్పుడు ఆటపాకలో అటవీశాఖ కట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతున్నాయి. బోటులోంచి కనిపించేవి అవే.

రెండోది కలివి కోడి. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ పేరు మీద 1848లో లోకానికి తెలిసింది. రాత్రిపూట తిరిగే పక్షి. 1900 తర్వాత మళ్లీ ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980ల్లో సలీం అలీ సొసైటీ తరఫున వెతుకులాట మొదలైంది. పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో బొమ్మ చూపిస్తూ తిరిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడి సాయంతో పక్షి దొరికింది. పుస్తకాల్లో చచ్చిపోయిన పక్షి, ఆ ఊళ్ల జనం నోట్లో పేరుతో సహా బతికే ఉంది. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. తర్వాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలవ తవ్వకం ఆ ముళ్లపొదల మీదికి వస్తే, దారి మళ్లించాల్సి వచ్చింది. ఆ కాలవలో పారేది కూడా కృష్ణ నీళ్లే.

బైకు, నోట్‌బుక్, చివరి రోజులు

ఆయన్ని సాధుపురుషుడిగా ఊహించుకోవద్దు. టైము తప్పితే కోపం. అడవిలో మాట్లాడితే ఇంకా కోపం. మోటార్‌సైకిళ్లంటే పిచ్చి. 1950లో స్వీడన్‌లో పక్షిశాస్త్ర మహాసభకు పిలిస్తే, తన సన్‌బీమ్ బైకును ఓడలో వేసుకుని యూరప్ తీసుకెళ్లారు. అప్పటికి ఆయన వయసు 53. అక్కడి రోడ్ల మీద పడి దెబ్బలు కూడా తగిలించుకున్నారు.

అమెరికన్ శాస్త్రవేత్త డిల్లాన్ రిప్లీతో కలిసి భారత, పాకిస్తాన్ పక్షుల మీద 10 సంపుటాల గ్రంథం రాశారు. మొదటి సంపుటం 1968లో, చివరిది 1974లో. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్. అదే కాలంలో జె.పాల్ గెట్టీ బహుమతి కింద 50 వేల డాలర్లు వస్తే, ప్రకృతి పరిరక్షణ నిధికి ఇచ్చేశారు. కేరళ సైలెంట్ వ్యాలీలో డ్యామ్ వద్దని పోరాడిన వాళ్లలో ఆయనా ఒకరు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడాది ఆత్మకథ వచ్చింది. పేరులో పిచ్చుక ఉంది. చిన్నప్పుడు కొట్టిన పిచ్చుకే.

1987లో, 90 ఏళ్ల వయసులో బొంబాయిలో కన్నుమూశారు. ప్రొస్టేట్ క్యాన్సర్.

ఆ ఏడాదే భారత ఉపఖండంలో నీటిపక్షుల గణన మొదలైంది. తర్వాత ఆసియా అంతటా పాకింది. ఏటా జనవరిలో జరుగుతుంది. జీతగాళ్లు కాదు, ఎక్కువగా వాలంటీర్లే. తెల్లారకముందే చెరువు గట్టుకు చేరి గూడబాతులు ఎన్ని, నత్తగుల్ల కొంగలు ఎన్ని, తెడ్డుమూతి కొంగలు ఎన్ని, నీటికాకులు ఎన్ని అని రాసుకుంటారు. కొల్లేరులో లెక్కపెడతారు, హంసలదీవి వైపు కృష్ణా మడ అడవుల్లో కూడా లెక్కపెడతారు. బైనాక్యులర్, పెన్సిల్, నోట్‌బుక్ ఉంటే చాలు. ఊరి చెరువు లెక్క కూడా పనికొస్తుంది.